కారు బ్రేకుల పని ఇంట్లో చేసుకునేవారు ముందు గైడ్ పిన్నులు చూడండి

నా పనిబల్ల సొరుగులో రెండు పాత బ్రేక్ ప్యాడ్లు ఉన్నాయి. రెండూ ఒకే చక్రానివి, ఒకే రోజు వేసినవి, ఒకే రోజు తీసినవి. ఒకదాని మీద లైనింగ్ (చక్రంతో పాటు తిరిగే డిస్కును రాసుకునే పొర) ఇంకా 7 మిల్లీమీటర్లు ఉంది. రెండోదాని మీద 2 మిల్లీమీటర్లు కూడా లేదు. ఒక కొస పూర్తిగా అరిగి, లోపలి ఉక్కు పలక తేలి, డిస్కును గీరిన గుర్తులు కనిపిస్తాయి. ఆ ప్యాడ్లు వేయించి అప్పటికి ఎనిమిది నెలలే అయింది. ఒక వర్క్‌షాపులో కొత్తవి వేశారు, బిల్లు ఇచ్చారు, బ్రేకు కూడా బాగానే పడింది. ప్యాడ్లను పట్టి డిస్కుకు అదిమే భాగం క్యాలిపర్. అది జారే గైడ్ పిన్నులను మాత్రం ఎవరూ బయటికి లాగి చూడలేదు.

నేను ఒక ప్రయోగశాలలో సాంకేతిక సహాయకురాలిని. కొలిచి రాసుకోవడం నా రోజువారీ పని. ఆ రెండు ప్యాడ్లను పక్కపక్కన పెట్టి కొలిచిన రోజు నుంచి మా కారు బ్రేకుల పని నేనే చేసుకుంటున్నాను. తొమ్మిదేళ్లయింది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పదలచింది ఒకటే. పాత ప్యాడ్లు తీసి కొత్తవి పెట్టడం పావుగంట పని. ఆ ప్యాడ్లు, పిన్నులు జారే దారులను తుప్పు లేకుండా చేయడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర వెచ్చించకపోతే కొత్త ప్యాడ్లు కూడా పాతవాటి దారే పడతాయి.

ఇది ఎందుకో తెలియాలంటే క్యాలిపర్ ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడాలి. ఎక్కువ కార్లలో పిస్టన్ ఒక్కటే, అది డిస్కుకు లోపలివైపు ఉంటుంది. పెడల్ నొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ లోపలి ప్యాడును డిస్కుకు అదుముతుంది. డిస్కు పక్కకు జరగదు కాబట్టి ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం వెనక్కి జరుగుతుంది. జరుగుతూ అవతలివైపు ప్యాడును డిస్కు మీదికి లాగుతుంది. ఈ జరగడమంతా రెండు గైడ్ పిన్నుల మీదే. పిన్ను పట్టేసిందంటే క్యాలిపర్ జరగదు, భారం లోపలి ప్యాడు మీదే పడుతుంది. కాలు తీశాక పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు కూడా ఏదీ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు అంచుల రబ్బరు సీలు, పిస్టన్ ముందుకు వెళ్లేటప్పుడు కొంచెం మెలి తిరిగి, ఒత్తిడి పోగానే మళ్లీ సరి అవుతుంది. ఆ కాస్త మెలికే పిస్టన్‌ను వెనక్కి తెస్తుంది. దూరం చూస్తే మిల్లీమీటరులో చిన్న భాగం. అంత సున్నితంగా కదలాల్సిన చోట తుప్పు పొర అడ్డుపడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

కావలసిన పనిముట్లు

కారుతో వచ్చిన జాకీ దారిలో టైరు మార్చుకోవడానికి మాత్రమే. దాన్ని నమ్మి చక్రం విప్పిన కారు కింద చెయ్యి పెట్టకండి. రెండు జాకీ స్టాండ్లు తప్పకుండా కొనండి. వాటి మీద రాసిన బరువు సామర్థ్యం మీ కారు బరువుకు తగ్గకుండా ఉండాలి. చక్రాలు కదలకుండా అడ్డం పెట్టడానికి రెండు గట్టి చెక్క దిమ్మెలు కావాలి. డబ్బు ఎక్కడ ఆదా చేసుకున్నా ఫరవాలేదు, వీటి దగ్గర వద్దు.

తర్వాత సాకెట్ సెట్టు, పానాలు. చిన్న కార్ల క్యాలిపర్లలో తరచుగా తగిలేవి 12, 13, 14, 17 మిల్లీమీటర్ల బోల్టులు. సాకెట్లు ఆరు పలకలవే తీసుకోండి. పన్నెండు పలకలది బిగుసుకున్న బోల్టు మూలలను అరగదీస్తుంది. ఎంత బలంతో బిగించామో చెప్పే టార్క్ రెంచి ఒకటి కావాలి. ఇది లేకుండా కూడా చేయవచ్చని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చేతి అంచనాతో బిగించిన బోల్టు ఒకరోజు వదులుగా ఉంటుంది, ఇంకోరోజు మర తెగేంత బిగువుగా ఉంటుంది. మా కారు మాన్యువల్ ప్రకారం చక్రం నట్లకు 103 న్యూటన్ మీటర్లు, గైడ్ పిన్ను బోల్టులకు 34. తేడా మూడింతలు. ఈ అంకెలు కారును బట్టి మారతాయి, మీ కారువి దాని సర్వీస్ మాన్యువల్‌లోనే చూసుకోండి.

పిస్టన్‌ను వెనక్కి నెట్టడానికి సి ఆకారపు క్లాంపు, తుప్పు గీకడానికి వైరు బ్రష్షు, సన్నని ఆకురాయి, క్యాలిపర్‌ను వేలాడదీయడానికి మూరెడు గట్టి తీగ, బ్రేక్ క్లీనర్ స్ప్రే, కొలవడానికి వెర్నియర్, తలకు కట్టుకునే లైటు. గ్రీజు గురించి మాత్రం జాగ్రత్త. గైడ్ పిన్నులకు బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు వాడాలి. బేరింగులకు పూసే మామూలు గ్రీజు పెట్రోలియం నుంచి తయారైనది. బ్రేకుల్లోని రబ్బరు భాగాలు దానికి ఉబ్బిపోతాయి. ఉబ్బిన రబ్బరు పిన్నును పట్టేస్తుంది. జారడానికి పూసిన గ్రీజే జారకుండా చేస్తుందన్నమాట.

చేతి తొడుగులు, మాస్కు కూడా పనిముట్లలో భాగమే. బ్రేకు పొడిని నోటితో ఊదకండి, కంప్రెసర్ గాలితో అసలే వద్దు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఇప్పటివాటిలో చాలావరకు అది లేకపోయినా ఆ సన్నని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. క్లీనర్‌ను వేడిగా ఉన్న డిస్కు మీద కొట్టకండి. మండే రకాలు అంటుకుంటాయి, క్లోరిన్ ఉన్న రకాలు బాగా వేడెక్కితే విషవాయువు విడుస్తాయి.

కారు ఎత్తడం

చదునైన, గట్టి నేల మీదే పని. మట్టి నేల మీద జాకీ కుంగుతుంది. ముందు చక్రాల పని అయితే హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు దిమ్మెలు పెట్టండి. వెనుక చక్రాల పనికైతే హ్యాండ్ బ్రేకు తీసేయాలి, కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు బిగించి పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేయాలి. గాలిలో చక్రం తిరిగిపోతుంది, బలమంతా పెట్టి లాగితే కారు ఊగుతుంది.

జాకీని మాన్యువల్ చూపించిన చోటే పెట్టి, ఎత్తి, స్టాండు పెట్టి, బరువు స్టాండు మీదికి దించండి. తర్వాత కారును భుజంతో గట్టిగా నెట్టి చూడండి. ఊగి పడేదైతే ఇప్పుడే పడాలి, మీ చెయ్యి లోపల ఉన్నప్పుడు కాదు. విప్పిన చక్రాన్ని నేను కారు అంచు కింద పడుకోబెడతాను. స్టాండు జారినా కారు దాని మీద ఆగుతుంది.

రెండు చక్రాలనూ ఒకేసారి విప్పి పెట్టకండి. ఒక వైపు పని పూర్తి చేశాకే రెండోది. క్లిప్పు ఎటు తిరిగి ఉందో, అరుగుదలను చెప్పే చిన్న రేకు లోపలి ప్యాడుకు ఉందా బయటి ప్యాడుకా అని అనుమానం వస్తే, విప్పని వైపు మీకు నమూనాగా ఉంటుంది. విప్పే ముందు ఫోనుతో నాలుగైదు ఫొటోలు కూడా తీసుకోండి.

విప్పి చదవడం

స్టీరింగును ఒక వైపు పూర్తిగా తిప్పితే క్యాలిపర్ వెనుక బోల్టులు బయటికి కనిపిస్తాయి. కింది గైడ్ పిన్ను బోల్టు తీస్తే చాలా కార్లలో క్యాలిపర్ పైకి తలుపులా తెరుచుకుంటుంది. బోల్టు విప్పుతుంటే పిన్ను కూడా తిరుగుతుంటే దాని మెడ దగ్గర సన్నని పానాతో పట్టుకోవాలి. క్యాలిపర్‌ను పూర్తిగా తీస్తే మాత్రం తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టి వేలాడదీయండి. బ్రేక్ గొట్టం మీద దాని బరువు ఒక్క క్షణం కూడా వేయకూడదు. పైకి ఏమీ కాకపోయినా లోపలి పొర చిట్లవచ్చు. అది చిట్లితే ఒత్తిడి అటు వెళుతుంది గాని తిరిగి సరిగా రాదు, బ్రేకు పట్టేసినట్టే ఉండిపోతుంది.

ప్యాడ్లు తీయగానే వెనుక సుద్దతో లోపలిది, బయటిది అని రాయండి. ఒక్కో ప్యాడును రెండు చివరలా కొలవండి. కొత్త ప్యాడు లైనింగ్ సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కు వచ్చిందంటే మార్చాలి. అయితే అసలు సంగతి మందంలో కన్నా తేడాలో ఉంది.

లోపలిది బయటిదానికన్నా కొంచెం ఎక్కువ అరగడం మామూలే. తేడా రెండు మిల్లీమీటర్లు దాటితే పిన్నులను, పిస్టన్‌ను అనుమానించండి. బయటిదే ఎక్కువ అరిగితే, కాలు తీశాక క్యాలిపర్ వెనక్కి జారడం లేదని అర్థం, మళ్లీ పిన్నులే. ఒకే ప్యాడు ఒక చివర మందంగా, మరో చివర పలుచగా వాలుగా అరిగితే ఒక పిన్ను కదులుతోంది, ఇంకొకటి పట్టేసింది. లేదా ప్యాడు చెవి (గాడిలో కూర్చునే దాని కొస) గాడిలో ఇరుక్కుంది. ఒక చక్రంలో రెండు ప్యాడ్లూ బాగా అరిగి, ఎదుటి చక్రంలో రెండూ మందంగా ఉంటే పిస్టన్ గాని, గొట్టం గాని చూడాలి. ఈ అరుగుదల చదవకుండా పాతవి చెత్తబుట్టలో వేయడం, పరీక్ష ఫలితం చూడకుండా మందు మార్చడం లాంటిది.

పిన్నులు, గాడులు

ఇక్కడ తొందరపడకండి. పిన్నును వేళ్లతో పట్టుకుని మెల్లగా తిప్పుతూ లాగండి. బాగున్న పిన్ను నూనెలో కదిలినట్టు వస్తుంది. మా కారులో ఆ మొదటిరోజు పై పిన్ను హాయిగా వచ్చింది. కిందిది రాలేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి, అరగంట ఆగి, పానాతో అటు ఇటు తిప్పుతూ లాగితే కిర్రుమంటూ బయటికొచ్చింది. దాని మీద గ్రీజు ఎండి నల్లటి మైనంలా గట్టిపడింది. మధ్యలో వేలి గోరంత వెడల్పున ఎర్రటి తుప్పు పట్టీ. రబ్బరు తొడుగుకు మడతలో సన్నని చీలిక, వర్షపు నీరు దాంట్లోంచే వెళ్లింది. ఎనిమిది నెలల్లో ఒక ప్యాడును తినేసిన దోషం అంతా ఆ చీలికలోనే ఉంది.

పిన్నును గుడ్డతో, క్లీనర్‌తో తుడవండి. తుప్పు పైపైనే ఉంటే సన్నని గరుకు కాగితంతో పోతుంది. గుంటలు పడితే పిన్ను మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. పిన్ను దూరే రంధ్రం లోపల కూడా పాత గ్రీజు పేరుకుని ఉంటుంది. సన్నని పుల్లకు గుడ్డ చుట్టి, శుభ్రంగా వచ్చేవరకు తుడవండి. రెండు పిన్నులనూ తారుమారు చేయకండి. చాలా కార్లలో ఒకదానికి కొసన రబ్బరు తొడుగు ఉంటుంది, దాని స్థానం దానిదే.

కొత్త గ్రీజు పలుచటి పొరగా పూస్తే చాలు. రంధ్రం నిండా కూరితే గాలి బయటికి పోయే దారి లేక పిన్ను స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది. పిన్ను లోపలికి నెట్టాక రబ్బరు తొడుగు అంచును వేలితో కాస్త ఎత్తి, చిక్కుకున్న గాలిని వదిలేయండి. చివరికి ఒక వేలి ఒత్తిడికి పిన్ను లోపలికి, బయటికి కదలాలి.

ఇక క్యాలిపర్‌ను మోసే బ్రాకెట్ గాడులు. ప్యాడు చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులు ఉంటాయి. వాటిని తీయండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, క్లిప్పు మెరుస్తోంది కదా అనుకుని. తుప్పు పట్టేది క్లిప్పుకు కాదు, దాని కింది పోత ఇనుముకు. ఆ తుప్పు ఉబ్బి క్లిప్పును పైకి ఎత్తుతుంది. గాడి అర మిల్లీమీటరు ఇరుకైతే చాలు, ప్యాడు బిగుసుకుపోతుంది. వైరు బ్రష్షుతో, మూలల్లో ఆకురాయితో, బూడిద రంగు లోహం కనిపించేవరకు గీకండి. తుప్పునే తీయాలి, ఇనుమును కాదు. కొత్త ప్యాడ్లతో కొత్త క్లిప్పులు వస్తే అవే వేయండి. ప్యాడు పెట్టి చూస్తే చేతి వేళ్లతో జరగాలి, అలాగని గడగడలాడకూడదు. సుత్తితో కొట్టి కూర్చోబెట్టాల్సి వస్తే గాడి ఇంకా శుభ్రం కాలేదన్నమాట. ప్యాడు చెవిని ఆకురాయితో అరగదీసి సరిపెట్టేవారు ఉన్నారు, ఆ పని చేయకండి.

పిస్టన్, డిస్కు

పిస్టన్‌ను నెట్టే ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. పిస్టన్ వెనక్కి వెళితే ఆయిల్ డబ్బాలోకి తిరిగి వస్తుంది. మధ్యలో ఎవరైనా పై గీత దాకా నింపి ఉంటే పొంగుతుంది. ఆ ఆయిల్ కారు రంగును తినేస్తుంది. ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి. ఎక్కువగా ఉంటే సిరంజితో కొంత తీసేయండి. పాత ప్యాడును పిస్టన్ మీద ఆనించి, క్లాంపును పావు చుట్టు చొప్పున నింపాదిగా బిగించండి. పిస్టన్ వంకర పోకుండా వెళ్లాలి. దాని చుట్టూ ఉన్న రబ్బరు చిరిగినా, ఆయిల్ చెమ్మ కనిపించినా, ఎంత బిగించినా కదలకపోయినా అక్కడ ఆగి మెకానిక్‌ను పిలవండి.

వెనుక చక్రాలకు డిస్కులుండి, హ్యాండ్ బ్రేకు కూడా ఆ క్యాలిపర్‌లోనే ఉంటే చాలావాటిలో పిస్టన్‌ను తిప్పుతూ నెట్టాలి, దానికి వేరే పనిముట్టు ఉంది. క్లాంపుతో బలవంతం చేస్తే లోపలి మర పాడవుతుంది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు అయితే ముందు దాన్ని సర్వీస్ స్థితికి తేవాలి. అది తెలియకుండా ముట్టుకోకండి, మోటారు ఉన్నట్టుండి తిరిగితే వేళ్లు నలుగుతాయి.

డిస్కు కనీస మందం ఎంతో దాని మధ్య భాగం మీదో అంచు మీదో అచ్చు వేసి ఉంటుంది. వెర్నియర్‌తో కొలిస్తే బయటి అంచున అరగకుండా మిగిలిన గట్టు అడ్డొచ్చి అంకె ఎక్కువ చూపిస్తుంది. నేను రెండు ఒకే రకం నాణేలు తీసుకుని డిస్కుకు ఇరువైపులా ఆనించి కొలిచి, నాణేల మందం తీసేస్తాను. మైక్రోమీటర్ ఉంటే ఇంకా మంచిది. బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకుంటుంటే డిస్కు వంగిందంటారు. చాలాసార్లు అది వంకర కాదు, చుట్టూ మందం ఒకేలా లేకపోవడం. మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతుల తేడాకే కాలికి తెలుస్తుంది. ఆ తేడా పుట్టడానికి ఒక కారణం డిస్కుకు, అది కూర్చునే హబ్బుకు మధ్య తుప్పు ఉండగానే బిగించడం. కొత్త డిస్కు వేస్తే హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో నున్నగా చేయండి, కొత్త డిస్కు మీది రక్షణ నూనెను క్లీనర్‌తో తుడవండి. డిస్కులైనా ప్యాడ్లైనా ఎడమ, కుడి రెండింటికీ కలిపే మార్చాలి. ఒక్క వైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగుతుంది.

ప్యాడు చెవులకు, పిస్టన్ తాకే వెనుక భాగానికి వేడిని తట్టుకునే బ్రేక్ గ్రీజు సన్నగా రాయండి. లైనింగ్ మీద, డిస్కు మీద వేలిముద్రంత గ్రీజు కూడా ఉండకూడదు. ఈ దశలో నేను చేతి తొడుగులు మారుస్తాను. బోల్టులు చేత్తో మర ఎక్కించి, టార్క్ రెంచితో బిగించండి. చక్రం నట్లు నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగువు చూడండి.

కారు కదిపే ముందు

పిస్టన్‌ను వెనక్కి నెట్టాం కదా, ఇప్పుడు దానికి, ప్యాడుకు మధ్య ఖాళీ ఉంటుంది. మొదటి నొక్కుకు పెడల్ నేలకు వెళ్లిపోతుంది, బ్రేకు పడదు. రెండోసారి ప్యాడ్లు మార్చినప్పుడు నేను ఈ సంగతి మరిచిపోయి ఇంజన్ వేసి రివర్సులో కారు తీశాను. పెడల్ నొక్కితే కింద ఏమీ లేనట్టు దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగితే గోడకు జానెడు దూరంలో ఆగింది. వెనుక ఎవరూ లేరు. ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది. ఆ రోజు నుంచి పని మొదలుపెట్టగానే స్టీరింగుకు ఒక అట్టముక్క కడతాను, "పెడల్ నొక్కు" అని రాసి. పెడల్ గట్టిపడేవరకు చిన్నచిన్నగా నొక్కి, ఆయిల్ మట్టం చూసి, మూత పెట్టాకే దాన్ని తీస్తాను. మీరూ కట్టండి.

కొత్త ప్యాడ్లు డిస్కుతో జత కుదరడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకు ఒక మోస్తరు బలంతో తగ్గించండి. పూర్తిగా ఆపకండి. అర నిమిషం నడిపి మళ్లీ. ఎనిమిది, పదిసార్లు ఇలా చేశాక బ్రేకు వాడకుండా కాసేపు నడిపితే చల్లబడతాయి. ప్యాడ్ల పెట్టె మీద వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించండి. తిరిగొచ్చాక చక్రాల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి, తాకకుండా వేడి చూడండి. ఎడమ, కుడి దాదాపు సమానంగా ఉండాలి.

బ్రేక్ ఆయిల్

మామూలు కార్లలో వాడే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాల ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక కోరేది 155 డిగ్రీలే. పొడవైన ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే ఆ వేడి వస్తుంది. ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది గాని ఒత్తిడిని చక్రందాకా పంపదు. ప్యాడ్లు కొత్తవైనా సరే, పెడల్ మెత్తగా దిగిపోతుంది. అందుకే చాలామంది తయారీదారులు రెండేళ్లకోసారి మార్చమంటారు. సీసా మూత తీసి ఏడాది దాచిన ఆయిల్ వాడకండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో కలపకూడదు, పేరులో 5.1కి దగ్గరగా ఉన్నా అది వేరే జాతి. డబ్బాలో ఇంజన్ ఆయిల్ పొరపాటున పడినా వ్యవస్థలోని రబ్బరు సీళ్లన్నీ చెడిపోతాయి.

ఇంకో మాట. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం నెమ్మదిగా తగ్గుతుంది. కాబట్టి మట్టం తగ్గగానే నింపేయకుండా ముందు ప్యాడ్లు చూడండి. ప్యాడ్లు మందంగా ఉండీ మట్టం తగ్గితే ఎక్కడో కారుతోంది. అలాంటి కారును నడపకండి.

ఆయిల్ మార్చడానికి ఇద్దరుంటే సుఖం. మా తమ్ముడు పెడల్ దగ్గర కూర్చుంటాడు, నేను చక్రం దగ్గర. ఆయిల్ బయటికి వదిలే బోలు స్క్రూ, అంటే బ్లీడ్ నిప్పుల్‌కు పారదర్శకమైన సన్నని గొట్టం తొడిగి, రెండో కొసను కాస్త ఆయిల్ పోసిన సీసాలో ముంచుతాను. "నొక్కు" అంటాను. "పట్టుకున్నానక్కా" అన్నాకే నిప్పుల్‌ను పావు చుట్టు వదులు చేస్తాను. పాత ఆయిల్, గాలి బుడగలు గొట్టంలోంచి వస్తాయి. నిప్పుల్ బిగించాక "వదులు" అంటాను. ఈ వరుస తప్పితే, నిప్పుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే, గాలి లోపలికి పోతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. పాత కారులో పెడల్ అట్టడుగుదాకా వెళితే పెడల్ బలాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ సీలు, ఎప్పుడూ తిరగని తుప్పు చోటికి పోయి చిరగవచ్చు. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాకూడదు, ఐదారు నొక్కులకోసారి నింపుతూ ఉండండి. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు గాని కొన్ని కార్లకు వరుస వేరు, మాన్యువల్ చూడండి. చిన్న కారుకు ఒక లీటరు సరిపోతుంది. నిప్పుల్ మొరాయిస్తే బలం పెట్టకండి, లోపల బోలుగా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. ముందురోజు రాత్రే తుప్పు నూనె కొట్టి ఉంచితే చాలావరకు లొంగుతుంది. ఇంత చేసినా పెడల్ మెత్తగా ఉంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లో గాలి చిక్కి ఉండవచ్చు. దాన్ని తీయడానికి స్కానర్ కావాలి, అది వర్క్‌షాపు పని. తుప్పు పట్టిన ఉక్కు పైపులు మార్చడం కూడా అంతే.

వెనుక డిస్కుల బదులు డ్రమ్ములు ఉంటే అవి తొందరగా అరగవు, ఏడాదికోసారి తెరిస్తే చాలు. డ్రమ్ము రాకపోతే, లోపలి షూలను (డ్రమ్ములో ప్యాడ్ల పని చేసేవి) దగ్గరికీ దూరానికీ జరిపే అడ్జస్టరు వదులు చేసి చూడండి. ముఖం మీద మర ఉన్న రెండు చిన్న రంధ్రాలుంటే వాటిలో బోల్టులు సమానంగా బిగించండి, డ్రమ్ము దానంతటదే లేస్తుంది. లోపల షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు అంచు ఎత్తి తడి ఉందేమో చూడండి. ఆయిల్ తగిలిన షూలు కడిగినా బాగుపడవు, మార్చాల్సిందే. స్ప్రింగులు విప్పేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రతి 10,000 కిలోమీటర్లకు చక్రాలు విప్పి, డిస్కులున్న చోట ప్యాడ్లు కొలిచి, పిన్నులు కదిపి, తేదీతో నోటుపుస్తకంలో రాస్తాను. మొన్న కొలిచినప్పుడు ముందు ఎడమ చక్రంలో లోపలిది 6.5, బయటిది 6.6 ఉన్నాయి. కుడివైపు లోపలిది 6.4, బయటిది 5.6. బయటిది కిందటిసారి 7.1 ఉండేది, తగ్గిన తీరు నాకు నచ్చలేదు. కుడి చక్రం పై పిన్ను కూడా చేతికి కాస్త బరువుగా తగిలింది. కొత్త రబ్బరు తొడుగులు తెచ్చి పెట్టాను, ఈ ఆదివారం దాన్ని విప్పాలి.